స్పీకర్లలో ఆగని గుంయ్‌మనే మోత: అది ఎక్కణ్నించి వస్తోందో పట్టుకునే పద్ధతి

రాత్రి పదకొండు దాటింది, వీధిలో బళ్ళ చప్పుడు తగ్గింది, ఫ్యాన్ కూడా ఆపేసి ఒక పాత కచేరీ రికార్డింగు పెట్టుకున్నారు. తంబూర మొదలవకముందే స్పీకర్లలో ఇంకో శ్రుతి వినిపిస్తుంది. ఎవరూ మీటని శ్రుతి, "ఊఁ…" అని తెరిపి లేకుండా. పాట మధ్యలో గాయకుడు ఊపిరి తీసుకునే చోట అది ఇంకా స్పష్టంగా పైకి తేలుతుంది. ఒకసారి చెవిన పడిందంటే ఇక పాట వినబుద్ధి కాదు, దాన్నే వింటూ కూర్చుంటాం.

ఈ మోతతో నేను దాదాపు ఏడాది కాపురం చేశాను. ముందు ఆంప్లిఫయర్‌కి పాటని తెచ్చే ఖరీదైన ఆర్‌సీఏ కేబుల్ కొన్నాను, తర్వాత స్పైక్ గార్డ్ కొన్నాను, చివరికి ఆంప్లిఫయర్‌ని రిపేరుకి ఇస్తే "ఇందులో ఏ లోపమూ లేదండీ" అని తిరిగి ఇచ్చారు. వాళ్ళు చెప్పింది నిజమే. లోపం టీవీ వెనక గోడలోంచి వచ్చే కేబుల్ టీవీ వైరులో ఉంది. అది తెలిశాక పావుగంటలో పని అయిపోయింది. అందుకే మొదటే చెప్తున్నాను: ఏదీ కొనకండి. ముందు పీకండి. ఒక్కో వైరు పీకుతూ వింటే మోత ఎక్కడ ఆగిందో అక్కడే కారణం దొరుకుతుంది. ఈ వ్యాసమంతా ఆ పీకడం ఒక వరసలో ఎలా చెయ్యాలన్నదే.

ముందు ప్రాణం సంగతి

ఈ సమస్య గురించి ఎవరినడిగినా ఒక చిట్కా చెప్తారు: "ప్లగ్గులో పైన ఉండే లావు పిన్ను తీసెయ్, మోత పోతుంది." నిజంగానే పోతుంది, అదే ప్రమాదం. ఆ లావు పిన్ను ఎర్తింగ్. ఆంప్లిఫయర్ లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు ఊడి ఇనప డబ్బాకి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ వైరు గుండా పోయి ఫ్యూజు కొట్టెయ్యాలి, లేదా ఎంసీబీ పడిపోవాలి. పిన్ను తీసేస్తే ఆ కరెంటు డబ్బా మీదే కాచుకుని ఉంటుంది, దాన్ని ముట్టుకున్న మనిషి గుండా నేలలోకి పోతుంది. అమెరికాలో మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల్లోకి మార్చే చిన్న అడాప్టర్లు షాపుల్లో దొరుకుతాయి, అక్కడున్న మనవాళ్ళు కూడా ఈ పనికి వాటిని వాడొద్దు. కంపెనీయే రెండు పిన్నులతో ఇచ్చిన వస్తువులు వేరు, వాటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది, అవి ఎర్త్ అవసరం లేకుండానే తయారైనవి.

ఇంకోటి, ఆంప్లిఫయర్ మూత విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. వాల్వు సెట్లలో అయితే అది వందల వోల్టులు.

చెవి పెట్టి వినండి, ఎక్కడ మోగుతోంది?

మొదటి ప్రశ్న: మోత స్పీకర్‌లోంచి వస్తోందా, ఆంప్లిఫయర్ డబ్బాలోంచా? ఇది చాలామంది చూసుకోరు. గదంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ముందు స్పీకర్ దగ్గర, తర్వాత డబ్బా దగ్గర చెవి పెట్టి చూడండి. డబ్బా మీద అరచెయ్యి ఆనిస్తే సన్నగా వణుకు తెలుస్తోందంటే మోగుతున్నది లోపలి ట్రాన్స్‌ఫార్మర్. దానికీ మీ వైర్లకీ సంబంధం లేదు. మెయిన్స్ వోల్టేజి ఎక్కువున్నా, బిగింపు వదులైనా అలా మోగుతుంది. ఇంకో వింత కారణం ఉంది: కొన్ని హెయిర్ డ్రయ్యర్లు తక్కువ వేడి మీద పెట్టినప్పుడు డయోడుతో కరెంటు అలలో సగాన్నే వాడుకుంటాయి, దానివల్ల లైనులోకి కొద్దిగా డీసీ చేరుతుంది, గారెలాగా గుండ్రంగా ఉండే టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లకి అది అస్సలు పడదు. పక్క గదిలో ఎవరో జుట్టు ఆరబెట్టుకున్నంతసేపూ మోగి ఆగిపోతే అనుమానించాల్సింది దాన్నే.

స్పీకర్‌లోంచే వస్తోందా? అయితే కిందికి రండి.

ఆ శబ్దానికి పేరు పెట్టండి

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని 50 హెర్ట్జ్ ఒకసారి, 100 హెర్ట్జ్ ఒకసారి వినండి. ఫోన్ స్పీకర్‌లో 50 వినపడదు, హెడ్‌ఫోన్ తప్పనిసరి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోత ఈ రెండింటిలో ఒకదానికి దగ్గరగా ఉంటుంది. అమెరికాలో అయితే 60, 120. సంగీతం తెలిసినవాళ్ళకి ఒక గుర్తు: 100 హెర్ట్జ్ అంటే మంద్రంలో ఐదో శ్రుతికి, అంటే 'జి'కి, పిసరంత ఎక్కువ. ఒకటో శ్రుతి పాటలో అది పంచమానికి పక్కనే కూర్చుని, కాస్త పైకి జారినట్టు వినిపిస్తుంది. కచేరీ రికార్డింగులు వినేటప్పుడు ఈ మోత ఎక్కువ బాధపెట్టడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

మెత్తగా, లోతుగా 50 దగ్గర ఉంటే సాధారణంగా దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ ప్రభావమో, ఎక్కడో ఊడిన షీల్డో (వైరు చుట్టూ రక్షణగా ఉండే లోహపు అల్లిక), లేకపోతే గ్రౌండ్ లూపో (అదేంటో కింద చెప్తాను). శుద్ధంగా 100 ఉంటే ఆంప్లిఫయర్ పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు ముసలివైపోయాయని అనుమానం. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ అలలో రెండు సగాల్నీ వాడుకుంటుంది కాబట్టి 50 కాస్తా 100 అవుతుంది, దాన్ని నునుపు చెయ్యాల్సిన కెపాసిటర్ ఎండిపోతే ఆ గరుకు మనకి వినపడుతుంది. "జ్‌ర్‌ర్‌ర్" అని తుమ్మెద డబ్బాలో పడ్డట్టు ఉంటే అది బజ్. డిమ్మర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, ల్యాప్‌టాప్ చార్జర్లు ఆ కోవలోవి. గ్రౌండ్ లూప్ కూడా చాలాసార్లు బజ్‌తో కలిసే వస్తుంది కాబట్టి శబ్దం ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకండి.

తర్వాత వాల్యూమ్ నాబ్ తిప్పండి. మోత దాంతోపాటు పెరుగుతోందంటే అది నాబ్‌కి ముందు నుంచి, అంటే పాట వచ్చే వస్తువు నుంచో దాని వైరు నుంచో వస్తోంది. నాబ్ ఎంత తిప్పినా మోత ఒకేలా ఉందంటే నాబ్ తర్వాతి భాగం, లేదా పవర్ సప్లై. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇప్పుడు పీకడం

ఆంప్లిఫయర్ ఆపండి. ప్రతిసారీ ఆపాకే ఆడియో వైరు పీకండి, పెట్టండి. ఆర్‌సీఏ ప్లగ్గులో మధ్య పిన్ను ముందు తగిలి, చుట్టూ ఉండే గ్రౌండ్ తర్వాత తగులుతుంది కాబట్టి ఆన్‌లో ఉండగా గుచ్చితే స్పీకర్ "ధబ్" మంటుంది, సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, పోయినా పోవచ్చు.

అన్నీ పీకెయ్యండి. అన్నీ అంటే అన్నీ: టీవీ, సెట్‌టాప్ బాక్స్, కంప్యూటర్, సబ్‌వూఫర్, రేడియో యాంటెన్నా, లాన్ కేబుల్, హెచ్‌డీఎంఐ. ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, ఒక ప్లగ్గు మాత్రమే మిగలాలి. వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేసి, మెల్లగా మీరు రోజూ వినే చోటి దాకా పెంచండి.

ఇంకా మోత ఉంటే, వాడని ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నందుకు గాలిలోంచి ఏదైనా పట్టుకుంటోందేమో చూడాలి. పాత ఆర్‌సీఏ ప్లగ్గు ఒకటి తీసుకుని మధ్య పిన్నునీ చుట్టూ ఉన్న రింగునీ చిన్న వైరుతో కలిపి సోల్డర్ చేస్తే షార్టింగ్ ప్లగ్ తయారవుతుంది. రెండు చేసుకుని ఇన్‌పుట్‌లో పెట్టి వినండి. వీటిని అవుట్‌పుట్‌లో మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. అయినా పోకపోతే ఆంప్లిఫయర్‌ని ఇంకో ఇంటికి తీసుకెళ్ళి అక్కడ పెట్టి చూడండి. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే మీ ఇంటి కరెంటు వైపు చూడాలి, అక్కడా మోగితే మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు "మోత వస్తోంది" అని ఊరుకోకుండా, "ఇన్‌పుట్ ఏమీ లేకుండా, నాబ్‌తో సంబంధం లేకుండా, 100 హెర్ట్జ్ దగ్గర వస్తోంది" అని చెప్పండి. అది విన్న మెకానిక్ నేరుగా ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గరికే వెళ్తాడు.

ఎక్కువ ఇళ్ళలో మాత్రం ఈ దశలో స్పీకర్లు నిశ్శబ్దమైపోతాయి. ఆ నిశ్శబ్దాన్ని ఒక నిమిషం వినండి. మీ ఆంప్లిఫయర్ మంచిదే.

ఇక ఒక్కొక్కటే తిరిగి కలపండి. ఇక్కడ తొందరపడితే అంతా మొదటికొస్తుంది. ఒక వస్తువుకి నాలుగు వైర్లు ఉంటే నాలుగు మెట్లు. ముందు ఆడియో వైరు, విని, కాగితం మీద రాసుకోవాలి. తర్వాత దాని పవర్. తర్వాత హెచ్‌డీఎంఐ. చివర యాంటెన్నా. మా ఇంట్లో రాసుకున్న కాగితం ఇప్పటికీ ఉంది: సెట్‌టాప్ బాక్స్ ఆడియో వైరు, లేదు. పవర్, లేదు. హెచ్‌డీఎంఐ, లేదు. కేబుల్ వైరు స్క్రూ బిగిస్తుంటే, బిగింపు పూర్తవకముందే, కనెక్టర్ అంచు బాక్సు ఇనుముకి ఆనీ ఆనకుండా ఉన్నప్పుడే స్పీకర్లలో "ఊఁ" మొదలైంది. వెనక్కి లాగితే ఆగింది. మళ్ళీ ఆనిస్తే మొదలైంది. అలా నాలుగైదుసార్లు చేశాను, ఏడాదిపాటు వేధించింది రెండు వేళ్ళ మధ్య దొరికిందంటే నమ్మకం కుదరక.

అసలు ఎందుకలా?

ఆంప్లిఫయర్ డబ్బా మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా మీ ఇంటి ఎర్తింగ్‌కి కలిసి ఉంది. కేబుల్ వైరు షీల్డు, అంటే ప్లాస్టిక్ తొడుగు కింద ఉండే లోహపు అల్లిక, వీధి స్తంభం మీది బాక్సు దాకా, అక్కణ్నించి పక్క అపార్టుమెంట్ల దాకా పోయి ఇంకెక్కడో నేలకి కలుస్తుంది. రెండు చోట్ల నేల ఒకటే అనుకుంటాం కానీ వాటి మధ్య వోల్టో, అరవోల్టో తేడా ఉండనే ఉంటుంది. ఆ రెండింటినీ మీ ఆడియో వైరు కలిపేసింది కాబట్టి తేడా కరెంటంతా దాని షీల్డు గుండా పారుతుంది. షీల్డుకి ఉన్న కొద్దిపాటి నిరోధం మీద ఆ కరెంటు మిల్లీవోల్టు పుట్టించినా చాలు. సీడీ ప్లేయర్ ఇచ్చే పూర్తి సిగ్నలే 2 వోల్టులు, పాటలో మెత్తటి చోట్ల అది మిల్లీవోల్టుల్లోకి దిగుతుంది, మోత దాని పక్కనే నిలబడుతుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. కేబుల్ ఎంత ఖరీదైనదైనా లూప్ లూపే, నా డబ్బు వృథా కావడానికి కారణం అదే.

కాబట్టి మందు కూడా ఒక్కటే: ఎర్త్ పిన్నుని ముట్టుకోకుండా, ఆ రెండో దారిని తెంచడం.

అన్నిటికన్నా తేలికైనది, ఖర్చు లేనిది: ఆడియో వస్తువులన్నీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపండి. ఆంప్లిఫయర్ ఈ గోడకీ, కంప్యూటర్ ఆ గోడకీ ఉంటే ఎర్త్ వైరు పొడవంతా లూప్‌లో భాగమైపోతుంది. మామూలు ఆంప్లిఫయర్, టీవీ, బాక్సు అన్నీ కలిపినా కొన్ని వందల వాట్లు దాటవు, ఒక 6 ఆంప్స్ పాయింట్ మోస్తుంది. ఇస్త్రీపెట్టెని మాత్రం దానికి తగిలించకండి.

కేబుల్ టీవీ వల్లయితే వైరు మధ్యలో పెట్టే కోయాక్సియల్ ఐసోలేటర్ దొరుకుతుంది. కానీ మీది డిష్ అయితే జాగ్రత్త: డిష్ మీద సిగ్నల్ పట్టుకునే ఎల్‌ఎన్‌బీకి అదే వైరు గుండా 13 లేదా 18 వోల్టుల డీసీ వెళ్ళాలి, మామూలు ఐసోలేటర్ దాన్ని ఆపేస్తుంది, బొమ్మే రాదు. అక్కడ మంచి దారి ఆప్టికల్ కేబుల్. టీవీ వెనక చిన్న చదరపు రంధ్రం, లోపల ఎర్రటి వెలుగు ఉంటుంది, దాన్నుంచి ఆంప్లిఫయర్‌కి పాట వెలుతురు రూపంలో వెళ్తుంది. వెలుతురుకి ఎర్త్ లేదు, లూప్ లేదు. ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ లేకపోతే డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే చిన్న డీఏసీ డబ్బా ఒకటి మధ్యలో పెట్టుకోవాలి.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత టక్కున ఆగితే చార్జరే దోషి. చార్జర్ తగిలించి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే జిలజిలమంటుంది చూడండి, టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది కూడా. రెండు పిన్నుల చార్జర్లలో ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజి ఆ లోహం మీద తేలుతుంది, కరెంటు మాత్రం అతి కొద్దిది. దానికి దారి దొరికితే ఆడియో వైరు గుండా పోతుంది. మూడు పిన్నుల చార్జర్ వాడితే కొన్నిసార్లు తగ్గుతుంది, కొన్నిసార్లు కొత్త లూప్ తయారవుతుంది. యూఎస్‌బీ డీఏసీ వాడేవాళ్ళకి యూఎస్‌బీ ఐసోలేటర్ మంచిది. బ్లూటూత్ రిసీవర్‌కీ ఇదే పరీక్ష, పవర్ బ్యాంకు మీద నడిపి చూడండి.

కారు ఆడియో షాపుల్లో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా అమ్ముతారు. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పని చేస్తుంది, కానీ చవకవాటిలో మృదంగం తొప్పి వైపు నాదం పలచబడిపోతుంది. పరీక్షకి వాడి, కారణం రూఢి అయ్యాక మంచి మార్గం చూసుకోమంటాను.

టర్న్‌టేబుల్ ఉన్నవాళ్ళకి

రికార్డు ప్లేయర్‌లో మోత రావడం సులువు, ఎందుకంటే ముల్లు ఉండే ఎంఎం రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులే. దాన్ని ఫోనో ఇన్‌పుట్ సుమారు వందరెట్లు పెంచుతుంది, మోతనీ అంతే పెంచుతుంది. ముందు చూడాల్సింది ఆర్‌సీఏ వైర్లతోపాటు వచ్చే సన్నటి విడి గ్రౌండ్ వైరు. అది ఆంప్లిఫయర్ వెనక "గ్రౌండ్" అని రాసి ఉన్న స్క్రూకి గట్టిగా బిగిసి ఉందా? పాత సెట్లలో దాని చివర తుప్పు పట్టి పచ్చగా అయి ఉంటుంది, గరుకు కాగితంతో రుద్ది బిగించండి. తర్వాత ఆగి ఉన్న రికార్డు మీదుగా ముల్లుని మోసే టోన్‌ఆర్మ్‌ని గాల్లోనే మెల్లగా జరపండి, ముల్లు కిందికి దించకుండా. ఒక వైపుకి వెళ్ళేకొద్దీ మోత పెరుగుతుంటే అటుపక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని కార్ట్రిడ్జ్ కాయిల్ పట్టుకుంటోంది. ఆంప్లిఫయర్‌ని రెండడుగులు దూరం జరిపితే చాలు. ఒక్క చానెల్‌లోనే మోత ఉంటే కార్ట్రిడ్జ్‌ని బిగించే హెడ్‌షెల్‌లోని నాలుగు రంగుల వైర్లలో ఒకటి వదులైందేమో చూడండి.

బజ్ వేట

గదిలో, ఇంట్లో ఒక్కో స్విచ్చూ ఆపుతూ వినండి, ఇద్దరుంటే ఒకరు స్విచ్ బోర్డు దగ్గర, ఒకరు స్పీకర్ దగ్గర. ఫ్యాన్ రెగ్యులేటర్‌ని రెండో నంబరులో, ఐదో నంబరులో పెట్టి పోల్చండి. ఐదులో బజ్ తగ్గి రెండులో పెరిగితే అది ట్రయాక్ రకం, ప్రతి అలనీ మధ్యలో కోసి వదులుతుంది, ఆ కోతే బజ్. దాని బదులు మెట్లుమెట్లుగా టిక్ టిక్‌మని తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ పెట్టించుకుంటే ఆ గొడవ పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారినప్పుడే బజ్ వస్తే మీది స్క్వేర్ వేవ్ రకం అయ్యుంటుంది, ప్యూర్ సైన్ వేవ్ దానికి ఈ ఇబ్బంది ఉండదు.

ఆడియో వైర్లు పవర్ వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టేసి ఉంటే విడదియ్యండి. ఒకదాన్నొకటి దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కన పారించొద్దు.

ఇంటి ఎర్తింగ్

పైవన్నీ చేసినా పోకపోతే, లేదా ఆంప్లిఫయర్ ముట్టుకుంటే చురుక్కుమంటుంటే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూడు కొలతలు తీయించండి. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులలోపు ఉండాలి. చివరిది పది దాటితే ఎర్తింగ్ బాగాలేదనో, న్యూట్రల్ ఎక్కడో వదులైందనో అర్థం. ఇంట్లో ఎంత లోడున్నా అది కచ్చితంగా సున్నా చూపిస్తుంటే సంతోషించకండి, సాకెట్ వెనక ఎవరో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ముక్క వైరుతో కలిపేశారేమో విప్పి చూపించమనండి. పాత ఇళ్ళలో ఈ పని చాలాచోట్ల చేస్తారు. న్యూట్రల్ తెగిన రోజున ఆ సాకెట్‌కి తగిలించిన ప్రతి ఇనప డబ్బాకీ ఫేజ్ వస్తుంది.

ఎండాకాలంలోనే మోత ఎక్కువవుతోందా? ఇంటి పక్కన ఎర్త్ గుంత ఎలా ఉందో చూడండి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ గుంతలో తేమ ఉంటేనే పని చేస్తుంది, రోహిణి కార్తె ఎండలకి నేల బీటలు వారితే నిరోధం పెరిగిపోతుంది. పైన సిమెంటు మూత తీసి, గొట్టంలో రెండు బిందెల నీళ్ళు పోసి, మర్నాడు మళ్ళీ కొలవండి. అపార్టుమెంటులో అయితే ఆ గుంత ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియకపోవచ్చు, మీటర్ల గది దగ్గర్నుంచి పోయే ఇనప పట్టీని పట్టుకుని వెళ్తే దొరుకుతుంది.

అంతా అయ్యాక ట్వీటర్‌కి చెవి ఆనిస్తే సన్నగా "స్స్" అని వినపడుతుంది. అది లోపలి భాగాల సొంత శబ్దం, ప్రతి ఆంప్లిఫయర్‌కీ ఉంటుంది, దాని వెంట పడొద్దు. మీరు కూర్చునే కుర్చీలో, మీరు వినే వాల్యూమ్ మీద, పాట మొదలయ్యే ముందు ఏమీ వినపడకపోతే పని అయినట్టే. ఆ రాసుకున్న కాగితాన్ని ఆంప్లిఫయర్ కింద పెట్టి ఉంచండి, కొత్త వస్తువు కొని తగిలించిన రోజున మళ్ళీ కావాల్సి వస్తుంది.